ఎవరి కోసమని అడగని చోటు

‘‘ప్లాస్మా ఇద్దామనుకుంటున్నానండీ. ఎప్పుడు రమ్మంటారు?’’

‘‘పేషెంట్ పేరు చెప్పండి సార్. ఏ ఆస్పత్రిలో ఉన్నారు?’’

‘‘పేషెంట్ ఎవరూ లేరు. నా అంతట నేనే ఇద్దామని.’’

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. లోపల ఎవరినో అడిగి వచ్చినట్టున్నారు. ‘‘అట్లా తీయం సార్. డాక్టర్ రాసిచ్చి, పేషెంట్ తరఫు వాళ్లు వస్తేనే. మీకు ఇవ్వాలని ఉంటే బ్లడ్ ఇవ్వండి, ఆదివారం క్యాంపు ఉంది.’’

ఆ రోజు మూడు బ్లడ్ బ్యాంకులకు ఫోన్ చేశాను. మూడు చోట్లా మొదటి ప్రశ్న ఒకటే: ఎవరి కోసం? రక్తం ఇస్తానంటే ఎవరూ అడగని ప్రశ్న, ప్లాస్మా అనగానే ఎదురవుతోంది. ఫోనెత్తిన వాళ్లను తప్పుపట్టలేం. వాళ్ల దగ్గరున్న ఎఫెరిసిస్ యంత్రం, అంటే రక్తంలోంచి కావాల్సిన భాగాన్నే తీసుకుని మిగతాది తిరిగి ఒంట్లోకి పంపేది, ప్రధానంగా ప్లేట్‌లెట్లు తీయడానికి కొన్నది. డెంగీ రోజుల్లో అది ఖాళీగా ఉండదు. ఒక్కసారి వాడి పారేసే కిట్టుకే వేల రూపాయలవుతుంది. ఆ ఖర్చు భరించే రోగి కుటుంబం లేనప్పుడు, నా ఒంట్లోంచి ప్లాస్మా తీసి ఫ్రీజర్లో పెట్టుకుంటే ఆ బిల్లు ఎవరి పేరున రాయాలి? ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. ఉండాల్సింది ప్రభుత్వాల దగ్గర.

మన రక్తంలో దాదాపు 55 శాతం ప్లాస్మాయే. కణాలన్నింటినీ వేరుచేశాక మిగిలే లేత పసుపు ద్రవం అది. అందులో 90 శాతానికి పైగా నీరే అయినా, ప్రాణం నిలిపేదంతా ఆ మిగతా కాస్తలోనే ఉంది. కాలేయం దెబ్బతిని పొట్టలో చేరిన నీటిని తీసేటప్పుడు రోగికి ఎక్కించే ఆల్బుమిన్ ప్లాస్మా నుంచి వచ్చిందే. హీమోఫిలియా ఉన్న పిల్లవాడు చిన్న దెబ్బకే మోకాలు ఉబ్బి ఏడుస్తుంటే ఇచ్చే రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్, భర్తది పాజిటివ్ తనది నెగెటివ్ గ్రూపు అయిన గర్భిణికి వేసే యాంటీ-డి ఇంజెక్షన్, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని బిడ్డకు నెలనెలా ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్... అన్నింటి మూలం ఒక్కటే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హార్వర్డ్ శాస్త్రవేత్త ఎడ్విన్ కోన్ చల్లటి ఆల్కహాల్ సాయంతో ప్లాస్మాలోని ప్రొటీన్లను ఒక్కొక్కటిగా విడదీసే పద్ధతి కనిపెట్టారు. ఫ్రాక్షనేషన్ అని పిలిచే ఆ పనికి నేటికీ అదే పునాది. ఫ్యాక్టర్ 8ని ఇప్పుడు జన్యు సాంకేతికతతోనూ తయారుచేస్తున్నారు. కానీ ఐవీఐజీగా ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్‌కి మాత్రం మనిషి ప్లాస్మా తప్ప మరో దారి లేదు. వేలమంది ఒంట్లో జీవితకాలంలో పోగుపడిన రకరకాల యాంటీబాడీల కలబోత అది. ఏ ఒక్కరి దగ్గరా అన్నీ దొరకవు, అందుకే వేలమందివి కలపాలి.

ఎంతమంది ఇస్తే ఒక మనిషి లేస్తాడో లెక్కకట్టి చూశాను. 2025 జనవరిలో పుణేలో గిలాన్ బారే సిండ్రోమ్ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. తర్వాత మన రాష్ట్రాల్లోనూ ఆ పేరు ఇంటింటా వినిపించింది. కాళ్లలో తిమ్మిరితో మొదలై, పైకి పాకి, కొందరికి ఊపిరి తీసుకునే కండరాలనూ పట్టేసే జబ్బది. దానికి ఇచ్చే ప్రధాన చికిత్సల్లో ఐవీఐజీ ఒకటి. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఇస్తారు. 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు కావాలి. లీటరు ప్లాస్మా నుంచి 4 నుంచి 5 గ్రాముల ఇమ్యునోగ్లోబ్యులిన్ వస్తుందనుకుంటే, 24 నుంచి 30 లీటర్ల ప్లాస్మా కావాలి. ఒకరు రక్తదానం చేస్తే అందులోంచి వచ్చే ప్లాస్మా 200 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. అంటే ఒక్క మనిషిని వెంటిలేటర్ దాకా పోకుండా ఆపడానికి 120 నుంచి 150 మంది చేయి చాచాలి. ఓ మోస్తరు ఊళ్లో రోజంతా సాగిన రక్తదాన శిబిరం మొత్తం, ఒక్క రోగికి. అందుకే ఆ మందు లక్షల్లో పలుకుతుంది. అందుకే పొలం పత్రాలు పట్టుకుని వడ్డీ వ్యాపారి గడప తొక్కే కుటుంబాలున్నాయి.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫోన్లో ఆ గొంతు ‘‘బ్లడ్ ఇవ్వండి’’ అన్నప్పుడు నన్ను వదిలించుకుందనుకున్నాను. నిజానికి నాకు దారి చెప్పింది. మన దేశంలో ప్లాస్మా ఇవ్వడానికి సాధారణ పౌరుడికి తెరిచి ఉన్న తలుపు ప్రస్తుతానికి రక్తదానమే. మనమిచ్చిన సంచిని వేగంగా తిప్పే యంత్రంలో పెడితే ఎర్రకణాలు అడుగున, ప్లాస్మా పైన తేరుకుంటాయి. ఎర్రకణాలను చల్లటి అరలో ఐదారు వారాలు దాచొచ్చు. ప్లేట్‌లెట్ల ఆయుష్షు ఐదు రోజులు. ప్లాస్మాను కొన్ని గంటల్లోనే వేరుచేసి మైనస్ 30 డిగ్రీల్లో గడ్డకట్టిస్తే ఏడాదిపాటు ఉంటుంది. ఆస్పత్రుల్లో ఎఫ్‌ఎఫ్‌పీ అని రాసిచ్చేది దాన్నే. ప్రసవంలో రక్తం ఆగని తల్లికీ, పెద్ద ప్రమాదంలో నెత్తురంతా పోయినవాళ్లకీ అది అక్కరకొస్తుంది.

అయితే ఈ దారి అన్ని ఊళ్లకూ లేదు. రక్తాన్ని విడదీసే సదుపాయం, దానికి కావాల్సిన లైసెన్సు లేని చిన్న కేంద్రాల్లో ఇచ్చిన రక్తం ఇచ్చినట్టే ఒక రోగికి ఎక్కుతుంది. రక్తహీనత ఉన్న మనిషికి కావాల్సింది ఎర్రకణాలు. వాటితోపాటు ప్లాస్మా కూడా అవసరం లేని ఒంట్లోకి పోయి, అవసరమున్న ఒంటికి దక్కకుండా పోతుంది. పెద్ద ఊళ్లలో కథ దీనికి తిరగేసి ఉంటుంది. అక్కడ విడదీస్తారు కానీ, ఎర్రకణాలకున్న గిరాకీ ప్లాస్మాకు ఉండదు. ఫ్రీజర్లు నిండుతాయి. మిగులు తేలుతుంది.

ఆ మిగులు ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. 2015లో కేంద్ర ఆరోగ్యశాఖ మిగులు ప్లాస్మాకు లీటరుకు 1,600 రూపాయల మారకం విలువ కట్టింది. ఆ విలువకు సరిపడా పరికరాలో, సామగ్రో, లేదా ప్లాస్మాతో చేసిన మందులో బ్లడ్ బ్యాంకు తీసుకోవచ్చని చెప్పింది. ఆలోచన మంచిదే. దాతల దగ్గర ఉచితంగా తీసుకున్నది మురిగిపోకుండా, ఫ్రాక్షనేషన్ చేసే కంపెనీలకు చేరి మందుగా మారాలి. కానీ లెక్క ఎటు తేలుతుందో చూడండి. గిలాన్ బారే రోగికి కావాల్సిన ఆ 24 నుంచి 30 లీటర్ల ప్లాస్మాకు ఈ రేటున వచ్చేది 38 వేల నుంచి 48 వేల రూపాయలు. అదే ప్లాస్మాలోంచి వచ్చిన మందును ఆ రోగి కొనాల్సింది లక్షలు పోసి. ఫ్యాక్టరీ ఖర్చు తక్కువదేమీ కాదు. వైరస్‌లను చంపే దశలు, పరీక్షలు, నెలల తరబడి సాగే ప్రక్రియ అది. అదే ప్లాస్మాలోంచి ఆల్బుమిన్, ఫ్యాక్టర్లూ వస్తాయి కాబట్టి లెక్క ఇంత సూటిగానూ ఉండదు. అయినా, ఉచితంగా ఇచ్చిన నూటముప్పై మందికీ, అప్పు చేసి కొన్న ఒక్కరికీ మధ్య ఏం జరిగిందో చెప్పే కాగితం ఒక్కటీ జనం ముందు లేకపోవడం నాకు మింగుడుపడదు.

ప్రభుత్వ రంగంలో ఈ పని చేయాలన్న ఊహ లేకపోలేదు. ముంబయి కేఈఎం ఆస్పత్రిలో ఒక ఫ్రాక్షనేషన్ కేంద్రం నడిచింది. 2007లో మొదలైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశలో ఒక పెద్ద ఫ్రాక్షనేషన్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. ఆ దశ 2012లో ముగిసేనాటికి ఆ కేంద్రం పని మొదలుపెట్టనే లేదు. 2010లో ప్రపంచ ఆరోగ్య సభ, ప్రతి దేశమూ ప్లాస్మా మందుల విషయంలో స్వయం సమృద్ధి సాధించాలని తీర్మానించింది. రక్తం, రక్తంతో చేసే మందులు ఒక దేశపు ప్రజారోగ్య ఆస్తి అన్న అవగాహన దాని వెనక ఉంది. మనం మాత్రం ఆ ఆస్తిని మిగులు సరుకుగానే చూస్తున్నాం.

ప్లాస్మా అన్న మాట తెలుగు ఇళ్లలోకి వచ్చింది కోవిడ్‌తో. 2020, 2021 వేసవులు మరిచిపోలేం. అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఝల్లుమనేది. ‘బీ పాజిటివ్ ప్లాస్మా అర్జంట్’ అని వచ్చిన మెసేజ్‌ను ఎన్ని గ్రూపుల్లోకి పంపామో! హైదరాబాద్‌లో సైబరాబాద్ పోలీసులు దాతలను వెతికి తెచ్చే పని భుజాన వేసుకున్నారు. సినిమా వాళ్లు ముందుకొచ్చి పిలుపునిచ్చారు. కోవిడ్ నుంచి కోలుకున్నాక రాజమౌళి, కీరవాణి ప్లాస్మా ఇవ్వడానికి సిద్ధపడ్డారు. రాజమౌళికి తగినన్ని యాంటీబాడీలు లేవని తేలింది, కీరవాణి ఇచ్చారు. ఢిల్లీలో 2020 జులైలో ప్రభుత్వం ప్లాస్మా బ్యాంకే తెరిచింది. ప్లాస్మా ఇచ్చినవారికి 5,000 రూపాయలు ఇస్తామని ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ప్రభుత్వాలు ప్రకటించాయి.

ఆ ఆరాటంలో కల్మషం లేదు. కానీ సైన్స్ జవాబు వేరుగా వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి 39 ఆస్పత్రుల్లో 464 మంది రోగులపై చేసిన పరీక్షలో, కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కించడం వల్ల జబ్బు ముదరడం ఆగలేదనీ, మరణాలు తగ్గలేదనీ తేలింది. ఆ ఫలితాలు 2020 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేసింది మాత్రం 2021 మే 17న. మధ్యలోని ఆ ఏడు నెలల్లో, ముఖ్యంగా రెండో అల ముంచెత్తిన ఏప్రిల్, మే నెలల్లో, ప్లాస్మా కోసం ఎన్ని కుటుంబాలు ఊరూరా తిరిగాయో తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మార్గదర్శకం మారగానే గ్రూపుల్లో మెసేజ్‌లు ఆగిపోయాయి. ప్లాస్మా అన్న మాటే మన సంభాషణల్లోంచి జారిపోయింది. పనిచేయని చోట ప్లాస్మా కోసం అంత పరుగెత్తిన సమాజం, నిజంగా పనిచేసే జబ్బుల దగ్గరకొచ్చేసరికి దాన్ని మరిచిపోయింది. ఆ రెండేళ్లలో మిగిలిన నష్టాల్లో దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

డబ్బిస్తే దాతలు రారా అని అడిగేవాళ్లున్నారు. వస్తారు. అమెరికాలో చదువుకునే మన పిల్లలకు యూనివర్సిటీ ఊళ్లలోని ప్లాస్మా సెంటర్ల బోర్డులు తెలిసినవే. అక్కడ చట్టం ప్రకారం వారంలో రెండుసార్లు ప్లాస్మా ఇవ్వొచ్చు, ఇచ్చిన ప్రతిసారీ డబ్బు చేతిలో పడుతుంది. మందుల తయారీకి ప్రపంచమంతా వాడే ప్లాస్మాలో మూడింట రెండొంతులు ఆ ఒక్క దేశం నుంచే వస్తోంది. జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, చెక్ రిపబ్లిక్ కూడా దాతలకు సొమ్ము ఇస్తాయి. ఆ ప్లాస్మాతో ఎందరో బతుకుతున్నారన్నది కాదనలేని నిజం. కానీ ఆ సెంటర్లు పేదల పేటల్లో, చేతిలో డబ్బాడని కుర్రవాళ్ల మధ్య ఎక్కువగా ఎందుకు వెలుస్తాయో వేరే చెప్పక్కర్లేదు. 1970లు, 80లలో డబ్బిచ్చి సేకరించిన ప్లాస్మా, అందులో అమెరికా జైళ్ల ఖైదీలది కూడా కలిసినది, మందుగా మారి బ్రిటన్‌లోని హీమోఫిలియా రోగుల ఒళ్లలోకి హెచ్‌ఐవీని, హెపటైటిస్ సీని మోసుకెళ్లింది. కలుషిత రక్తం వల్ల అక్కడ 30 వేల మందికి పైగా ఆ జబ్బుల పాలయ్యారని 2024 మేలో విచారణ కమిషన్ తేల్చింది. ఇప్పుడు పరీక్షలు, శుద్ధి పద్ధతులు ఎంతో మెరుగుపడ్డాయి. అయినా రక్తం అమ్ముకునే బతుకుల చేదు మనకూ తెలుసు. కామన్ కాజ్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే 1998 జనవరి 1 నుంచి డబ్బు కోసం రక్తమిచ్చే వృత్తి దాతల వ్యవస్థకు తెరపడింది. ఆ తలుపు మళ్లీ తెరవకూడదన్నదే నా అభిప్రాయం. కోవిడ్ కాలపు 5,000 రూపాయల ప్రకటన ఎంత మంచి ఉద్దేశంతో చేసినదైనా, ఆ హద్దుకు మరీ దగ్గరగా వెళ్లింది.

డబ్బు లేకుండానూ ప్లాస్మా వస్తుందని చెప్పడానికి జేమ్స్ హారిసన్ జీవితం చాలు. ఆస్ట్రేలియాలో 14 ఏళ్ల వయసులో ఛాతీకి ఆపరేషన్ జరిగినప్పుడు ఎవరెవరో ఇచ్చిన రక్తంతో బతికాడాయన. 18 ఏళ్లు నిండగానే, 1954లో, ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆయన ప్లాస్మాలో యాంటీ-డి యాంటీబాడీ పుష్కలంగా ఉందని తర్వాత తేలింది. 81 ఏళ్లు వచ్చి ఇక చాలని నియమాలు ఆపేదాకా, మొత్తం 1,173 సార్లు ఇచ్చాడు. ఆయన ప్లాస్మాతో చేసిన మందు దాదాపు 24 లక్షల మంది బిడ్డలకు రక్షణ ఇచ్చిందని అక్కడి రక్తసేవా సంస్థ అంచనా. 2025 ఫిబ్రవరిలో, 88వ ఏట నిద్రలోనే కన్నుమూశాడు. ఆ 1,173 సార్లలో ఒక్కసారి కూడా ఆయన్ను ఎవరూ ‘ఎవరి కోసం?’ అని అడగలేదు. అడిగినా ఆయనకు తెలియదు. వెళ్లి చేయి చాచడానికి ఊళ్లో ఒక కుర్చీ ఉంది, అంతే.

ఆ కుర్చీ మన దగ్గర వేయడానికి చట్టం అడ్డం కాదు. జాతీయ రక్త మార్పిడి మండలి 2017 మార్గదర్శకాలు ఎఫెరిసిస్ దాతల అర్హతలను ఇప్పటికే రాసిపెట్టాయి: రెండు దానాల మధ్య కనీసం 48 గంటలు, వారంలో రెండుసార్లకు మించకూడదు, ఏడాదిలో 24కు మించకూడదు. రక్తదానానికైతే మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ప్లాస్మా ఒక్కటే తీసుకుని కణాలను తిరిగి మన ఒంట్లోకే పంపేస్తారు కాబట్టి అంతకాలం ఆగక్కర్లేదు. పోయిన నీరు ఒకటి రెండు రోజుల్లోనే తిరిగి చేరుతుంది. నియమం ఉంది, యంత్రాలున్నాయి, ఇస్తామనేవాళ్లున్నారు. లేనిది బడ్జెట్‌లో ఒక పద్దు. హైదరాబాద్, విశాఖపట్నం, గుంటూరు, తిరుపతి లాంటి చోట్ల బోధనాసుపత్రులకు అనుబంధంగా నడిచే బ్లడ్ సెంటర్లలో, వారంలో రెండు రోజులు స్వచ్ఛంద ప్లాస్మా దాతల కోసం కేటాయించి, కిట్టు ఖర్చు ప్రభుత్వం భరిస్తే ఆ కుర్చీ వచ్చేసినట్టే.

కానీ దానికంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది, అదే నాకు ఎక్కువ ముఖ్యం. ఇప్పటికే ఇస్తున్నదాన్ని పోగొట్టుకోకూడదు. ప్రతి జిల్లా ఆస్పత్రిలోనూ రక్తాన్ని విడదీసే యంత్రం, సరైన ఫ్రీజర్, ఆగని కరెంటు ఉండాలి. రాష్ట్రంలోని మిగులు ప్లాస్మా అంతటికీ కలిపి ప్రభుత్వమే ఒక ఒప్పందం చేసుకుంటే, లీటరుకు ఇన్ని రూపాయలని కాకుండా లీటరుకు ఇన్ని గ్రాముల ఇమ్యునోగ్లోబ్యులిన్, ఇంత ఆల్బుమిన్, ఇన్ని యూనిట్ల ఫ్యాక్టర్ అని అడిగే బలం వస్తుంది. ఒక్కో కేంద్రం విడివిడిగా బేరమాడితే ఆ బలం రాదు. ప్లాస్మా ఇచ్చి మందు తీసుకునే వీలు 2015 నిర్ణయంలోనే ఉంది. ఆ మందు ప్రభుత్వాసుపత్రి గిలాన్ బారే వార్డుకూ, హీమోఫిలియా పిల్లలకూ ఉచితంగా చేరాలి. ఎంత వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది అన్న లెక్క ఏటా అందరికీ కనిపించేలా పెట్టాలి. హీమోఫిలియాను 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు కాగితం మీద నిలబడకుండా ఫ్యాక్టర్ సీసాగా మారాలంటే ఇదే దారి.

ఈలోగా ప్లాస్మా ఇవ్వాలనుకునేవారు చేయగలిగింది లేకపోలేదు. ఈ-రక్తకోశ్ పోర్టల్లో మీ దగ్గరలోని కేంద్రాలు, వాటిలో ఏ గ్రూపు ప్లాస్మా ఎంత ఉందో కనిపిస్తుంది. శిబిరానికి వెళ్లేముందు ‘ఇక్కడ తీసిన రక్తాన్ని విడదీస్తారా?’ అని ఒక్క మాట అడగండి. విడదీసే కేంద్రానికే ఇవ్వండి. ఏబీ గ్రూపు వాళ్లకు ఇంకో మాట. మీ ఎర్రకణాలు ఏబీ వాళ్లకే పనికొస్తాయని చిన్నప్పటి నుంచీ విని, మన రక్తంతో ఎవరికి అవసరంలే అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ప్లాస్మా దగ్గర లెక్క తిరగబడుతుంది. ఏబీ ప్లాస్మాను ఏ గ్రూపు వాళ్లకైనా ఎక్కించొచ్చు. గ్రూపు చూసే వ్యవధి లేని ప్రాణాపాయంలో డాక్టర్లు వెతికేది మీ ప్యాకెట్ కోసమే.

ఆ ఆదివారం క్యాంపుకు వెళ్లాను. సంచి 450 మిల్లీలీటర్లది, దానికి గొట్టాలతో అతికి మరో రెండు ఖాళీ సంచులున్నాయి. ఎన్నోసార్లు రక్తమిచ్చాను కానీ వాటిని ఎప్పుడూ పరికించి చూడలేదు. ఇవెందుకని టెక్నీషియన్ అమ్మాయిని అడిగాను. ‘‘ఒకటి ప్లేట్‌లెట్లకు, ఒకటి ప్లాస్మాకు సార్’’ అంది. ఆ ప్లాస్మా ఎక్కడికి వెళ్తుందని అడిగితే, ‘‘వాడగా మిగిలింది కంపెనీ వాళ్లు తీసుకెళ్తారు. ఆ తర్వాత సంగతి మాకు చెప్పరు’’ అంటూ లేబుల్ అంటించింది. ఫ్రూట్ జ్యూస్ తాగి, కార్డు తీసుకున్నాను. తేదీ, గ్రూపు, హిమోగ్లోబిన్, బరువు, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చో ఆ తారీఖు, అన్నీ రాసి ఉన్నాయి. ప్లాస్మాకు గడి లేదు. మళ్లీ రావడానికి నాకు 90 రోజులుంది. ఆ గడి వేయమని ఈలోగా ఆరోగ్యశాఖకు ఉత్తరం రాస్తున్నాను.